రత్నం వదిన నీళ్ళు

నమోదు 611

ఆరో తొట్టిలో జల్లెడలు పైకి తీసి కడిగాను. వాటి మీద కణాల నుంచి పెంచే కొరమీను కండ ఉండాల్సిన మందంలో సగం కూడా లేదు. హీటరు తగ్గిందేమోనని చూశాను, బాగానే ఉంది. ఉప్పు, చక్కెర, గాలి అన్నీ ఉండాల్సినంతే ఉన్నాయి. ఊరి సంఘానికి పంపే నివేదికలో "ఆరో తొట్టి మందగించింది, కారణం చూస్తున్నాను" అని రాశాను. వాళ్ళకు అంతే చాలు. మిగిలింది ఇక్కడ నాకోసం రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం కోసిన కండ వంటశాలకు తీసుకెళ్ళాను. రత్నం వదిన పొయ్యి దగ్గరే ఉంది. పూర్తి పేరు నూకరత్నం. మా ఆయన సూరిబాబుకు అక్క. మా ఊరు నడిలంక మొత్తానికి వంట ఆవిడ చేతి మీదే నడుస్తుంది. చంద్రుడి మీద పులుసు కాచడం అంత తేలికేం కాదు. వస్తువుకు బరువు తక్కువ కాబట్టి మూత బిగించకపోతే మరిగే పులుసు ఎగిరి పైకప్పుకు అంటుకుంటుంది. చింతపండు దొరకదు, దీపాల కింద పెంచిన గోంగూరతోనే పులుపు. అయినా ఆవిడ పులుసు పెట్టిన పూట ఊరి సొరంగం ఆ చివరి వాళ్ళు కూడా పిలవకుండానే వచ్చేస్తారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు చేపలో ముల్లుంటుందని చెబితే మనం వేళాకోళం ఆడుతున్నామనుకుంటారు.

పోయినేడు ఇదే వదిన గరిటె ఎత్తలేకపోయింది. ఎముక మూలుగలో జబ్బు. ఒక రకం తెల్లకణాలు అదుపు తప్పి పెరిగి ఎముకలను లోపల్నుంచి తొలిచేశాయి. డాక్టర్ ఇమ్మానుయేలు గారు భూమికి రాసి మందు తెప్పించారు. వారానికొక క్యాప్సూల్. నెలలు గడిచేకొద్దీ మంచం మీంచి లేచింది, నడిచింది, ఒకరోజు ఎవరినీ అడక్కుండా పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది. ఈ రోజు కండ బేసిన్ అందుకుని చేత్తో బరువు చూసి, ఇంతేనా అన్నట్టు నా మొహంలోకి చూసింది. రేపు ఎక్కువ తెస్తానని చెప్పి వచ్చేశాను.

నమోదు 613

రేపు అన్నది మాట వరసకే మిగిలింది. మొదటి తొట్టి, మూడో తొట్టి కూడా ఆగిపోయాయి.

జల్లెడ నుంచి చిటికెడు గీకి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాలు చచ్చిపోయి ఉంటాయనుకున్నాను. చావలేదు. ప్రతి కణమూ విభజనకు సిద్ధమై ఉంది. క్రోమోజోముల జంటలు నడుమన బారు తీరి నిలబడి ఉన్నాయి. అంతే, అక్కడే ఆగిపోయాయి. నేను చూస్తూ కూర్చున్నంతసేపూ ఒక్క జంట కూడా విడిపోలేదు. మామూలుగా ఆ స్థితి టీ తాగి వచ్చేలోగా దాటిపోతుంది. ఇంకో పళ్ళెం పెట్టి చూశాను. అదీ అంతే.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో బూజు పట్టిన తొట్లు చూశాను, ఆకలికి మాడిన కణాలు చూశాను. ఇలా అన్నీ ఒకే గడప మీద నిలబడి లోపలికీ వెళ్ళక, బయటికీ రాక ఉండిపోవడం ఎప్పుడూ చూడలేదు.

నమోదు 615

సంఘం పెద్ద పేర్రాజు గారు వచ్చి తొట్లన్నీ ఒక్కొక్కటే చూసి వెళ్ళారు. కోప్పడలేదు. ఆయన కోప్పడితేనే బాగుండేదనిపించింది. పప్పుల నిల్వ లెక్క చూసుకున్నానని, చేప ముందు పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు పెట్టమని వంటశాలకు చెబుతున్నానని అన్నారు. ఆయన కూతురు నాగమణికి ఆరో నెల.

వదిన వడ్డన ముగించాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అసలు ఏం జరుగుతోందో చెప్పమంది. మాట దాటేస్తే ఊరుకునే మనిషి కాదు. నాకు తెలిసినట్టు చెప్పాను. కణం రెండు కావాలంటే ముందు దాని క్రోమోజోములు జంటలవుతాయి. ఆ జంటలకు కట్లుంటాయి. కట్లు తెంపే ప్రోటీన్ కణంలోనే ఉంది కానీ, తొందరపడి తెంపకుండా ఇంకో ప్రోటీన్ దాన్ని పట్టుకుని ఉంటుంది. అన్నీ సరిగ్గా నిలబడ్డాక, ఆ పట్టుకున్నదానికి కణం ఒక చిన్న గుర్తు తగిలిస్తుంది. గుర్తు పడ్డదాన్ని ప్రోటియాసోమ్ అనే యంత్రం లాక్కుని ముక్కలు చేసేస్తుంది. అప్పుడే కట్లు తెగేది, జంటలు విడిపోయేది. విభజనను మొదలుపెట్టించిన సైక్లిన్ అనే ప్రోటీన్‌ను కూడా అదే ముక్కలు చేయాలి. అది పోతేగానీ విభజన ముగియదు.

"అంటే ఆ ముక్కలు చేసేది పని చేయట్లేదంటావ్," అంది వదిన.

అవునని, ఎందుకో మాత్రం తెలియట్లేదని చెప్పాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు పొయ్యివైపు చూస్తూ కూర్చుంది. అలసిపోయిందనుకున్నాను.

నమోదు 618

కొత్త మంచుగడ్డ అడిగాను. సూరిబాబు నీడబిలంలో మంచు కోసే బండి నడుపుతారు. ఎండ ఎప్పుడూ పడని లోయ అది. అక్కడ కోసిన గడ్డలు తెస్తేనే ఊళ్ళో నీళ్ళ తరుగు భర్తీ అవుతుంది. మిగతాదంతా తాగిన నీళ్ళే, స్నానం చేసిన నీళ్ళే. శుద్ధియంత్రం గుండా వెళ్ళి మళ్ళీ కుళాయిలోకి వస్తాయి. తొట్లకూ అవే.

ఒక పళ్ళెంలో కొత్త మంచు కరిగించిన నీళ్ళు, ఇంకో పళ్ళెంలో ఊరి కుళాయి నీళ్ళు పోసి, భూమి నుంచి వచ్చిన గడ్డకట్టిన విత్తనకణాలు రెండింట్లోనూ వేశాను. మంచునీళ్ళలో కణాలు హాయిగా విడిపోయాయి. కుళాయి నీళ్ళలోవి నడుమన బారు తీరి ఆగిపోయాయి.

దోషం నీళ్ళలో ఉంది. ఊళ్ళో ఏ రసాయనం వాడతారో డాక్టరు గారికి తెలుస్తుందని ఆయన దగ్గరికి వెళ్ళాను. ప్రోటియాసోమ్‌ను ఆపే పదార్థం ఏదైనా మన నీళ్ళలో కలిసే అవకాశం ఉందా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"రత్నమ్మ గారి మందు చేసే పని అదేనండి," అన్నారు.

ఆ చెడ్డ కణాలు ప్రోటీన్‌ను గుట్టలుగా తయారుచేస్తాయట. పాతవి ముక్కలు చేసే యంత్రాన్ని ఆపేస్తే తమ చెత్తలో తామే ఊపిరాడక చస్తాయి. అదీ వైద్యం. ఒంట్లో పని అయ్యాక మిగిలిన మందు నీళ్ళతోపాటు పోతుంది. శుద్ధియంత్రం దాన్ని పూర్తిగా పట్టలేకపోతోంది. ఇన్నాళ్ళుగా కొద్దికొద్దిగా పేరుకుంది. మరి అవే నీళ్ళు తాగే మనకేం కాదా అని అడిగాను. ఆ కొంచెం మందును మన కాలేయం ఇట్టే విరిచేస్తుందన్నారు. తొట్టిలో కణాలకు కాలేయం లేదు.

ఆవిడకు చెప్పాలి, అది ఆవిడ హక్కు అన్నారు డాక్టరు గారు. నాకు కొంచెం వ్యవధి ఇవ్వండి, ముందు నీళ్ళు బాగుచేసే దారి చూస్తాను అని బతిమాలాను. ఆవిడంతట ఆవిడ అడగనంతవరకూ చెప్పనని ఒప్పుకున్నారు.

నమోదు 621

గోంగూర కోతయ్యాక మిగిలే కట్టెలను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేశాం, నీళ్ళలోని మందును పీల్చుకుంటుందని. నూరి, జల్లించి, పైపుల్లో దట్టించి తొట్లకు వెళ్ళే నీటిదారిలో బిగించాం. తోటపనివాళ్ళంతా వచ్చారు. మొహాలు నల్లగా చేసుకుని ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నీళ్ళలో ఏదో తేడా ఉందని మాత్రం చెప్పాను.

వంటశాలకు వెళ్ళడం మానేశాను. కండ బేసిన్ వేరేవాళ్ళతో పంపిస్తున్నాను. వదిన మొహం చూస్తే చెప్పేస్తానని భయం.

నమోదు 626

విడిపోతున్నాయి!

పొద్దున పళ్ళెం పెట్టగానే ఒక కణంలో జంటలు విడిపోయి చెరోవైపు జరగడం కళ్ళారా చూశాను. ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. మూడో తొట్టి జల్లెడ మీద పల్చటి పొర కట్టింది. కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. బొగ్గు పనిచేసింది. రత్నం వదిన మందు ఆగక్కర్లేదు, ఊరి చేప ఆగక్కర్లేదు.

డాక్టరు గారికి చెబితే నా రెండు చేతులూ పట్టుకున్నారు. పేర్రాజు గారు తోటపనివాళ్ళను పిలిచి మెచ్చుకున్నారు. చాలా రోజుల తర్వాత వంటశాలకు వెళ్ళాను. వదిన నన్ను చూసి నవ్వి, చిక్కిపోయావంటూ కంచంలో ఇంకో ముక్క వేసింది. వడ్డించేటప్పుడు ఎడమచేతిని నడుముకు ఆనించుకుంది. చూశాను గానీ పట్టించుకోలేదు. అంత సంతోషంలో ఉన్నాను.

నమోదు 634

తొట్లన్నీ నిండుగా ఉన్నాయి. మధ్యాహ్నం డాక్టరు గారు స్వయంగా తొట్ల గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. వదిన రక్తపరీక్ష వచ్చిందట. తగ్గుతూ వచ్చిన జబ్బు మళ్ళీ పెరిగింది. మందు పనిచేయడం మానేసిందేమోనన్నది ఒక అనుమానం. రెండో అనుమానం ఆయన పైకి చెప్పలేదు. తన దగ్గరున్న క్యాప్సూల్ ఒకటి నా బల్ల మీద పెట్టి, దీన్ని మీ బొగ్గులోంచి పంపి చూడండి అన్నారు.

మంచునీళ్ళలో ఆ పొడి రవ్వంత కలిపి, కొత్త బొగ్గు పైపులోంచి పంపి, కణాలకు పోశాను. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. కణాలు జంటలు చేసుకున్నాయి, నడుమన బారు తీరాయి. అక్కడే ఆగిపోయాయి.

బొగ్గు ఆ మందును ఏనాడూ పట్టలేదు. నీళ్ళలోకి కొత్తగా మందు రావడమే ఆగిపోయింది, పాతది శుద్ధియంత్రమే మెల్లగా పట్టేసింది.

ఆవిడ మీ దగ్గరికి వచ్చిందా అని డాక్టరు గారిని అడిగాను. వచ్చిందన్నారు. మా మరదలు చెప్పిన యంత్రమూ మీరు చెప్పిన యంత్రమూ ఒకటేనా, నా ఒంట్లోంచి పోయే నీళ్ళు ఎక్కడికి వెళ్తాయి అని అడిగిందట. అడిగితే అబద్ధం చెప్పలేకపోయారు. ఊరికి దారి వెతుకుతున్నామని, మందు మాత్రం ఆపొద్దని చెప్పారట. ఆవిడ తలూపి వెళ్ళిపోయిందట. చెబుతూ తల దించుకున్నారు. ఆయన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు. వ్యవధి అడిగింది నేను.

నమోదు 635

నిన్న సాయంత్రం జరిగింది ఇవాళ రాస్తున్నాను. నిన్న చేయి ఆడలేదు.

వదిన తన గదిలో మంచం మీద కూర్చుని ఆకుకూర ఒలుస్తోంది. నేను తలుపు దగ్గర నిలబడి ఉండగానే నా మొహం చూసి అర్థం చేసుకుంది. చేటలో ఆకు పక్కకు జరిపి, దిండు కింద నుంచి చిన్న డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. అందులో క్యాప్సూల్స్ ఉన్నాయి, విప్పకుండా.

"పాడవకుండా దాచేనే," అంది. "ఇంకెవరికైనా పనికొస్తాయి."

ఎంతమందికి వచ్చే జబ్బు ఇది, ఎవరికి పనికొస్తాయని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ నన్ను అరవనిచ్చింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. నాగమణి వంటశాలకు వచ్చి తన వంతు చేపముక్క పక్కింటి పిల్లల కంచంలో వేసి, కడుపు నిండిందని అబద్ధం చెప్పి వెళ్ళిందట. ఆ రోజే అనుకుందట. వడ్డించే చేతితోనే వాళ్ళ కూడు తీసేస్తున్నానని తెలిశాక ఆ క్యాప్సూల్ గొంతు దిగలేదంది.

"భయం లేదా వదినా?"

"లేకేం. ఆ ఎముకల నొప్పి తలుచుకుంటేనే వణుకొస్తాది. నిన్న రాత్రి మళ్ళీ మొదలైంది."

నేను ఆవిడ మంచం పక్కన కింద కూర్చున్నాను.

"ఆ కణాలు విడిపోతున్నాయని నేను గదంతా తిరిగి సంబరపడ్డాను వదినా. నువ్వు నాకు ముక్క వడ్డించావు, నేను తిన్నాను. నువ్వు చచ్చిపోతున్నావని తెలియక తిన్నాను. నాకెందుకు చేశావు అలాగ?"

ఆవిడ నా తల మీద చేయి వేసింది. మందు మాత్రం వేసుకోనంది. ఈ మాట ఊళ్ళో చెప్పొద్దని, ముఖ్యంగా తమ్ముడికి చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకోబోయింది. నేను ఒట్టు వేయకుండా లేచి వచ్చేశాను.

సూరిబాబుకు ఫోన్‌లో చెప్పాను. ఆయన బండి ఊరివైపు తిప్పుతున్నానని చెప్పి పెట్టేశారు.

నమోదు 637

సంఘం కూర్చుంది. పిల్లలను కూడా ఆపలేదు. నేను లేచి అంతా చెప్పాను. తొట్లు ఎందుకు ఆగాయో, ఎందుకు మళ్ళీ కదిలాయో. చెబుతుంటే వదిన వెనక వరసలో కూర్చుని నేలకేసి చూస్తోంది. ఆవిడ వద్దన్నా నలుగురిలో పెట్టినందుకు నన్ను ఎప్పటికైనా క్షమిస్తుందో లేదో అనుకున్నాను.

పేర్రాజు గారు లేచారు. మంచి మాటకారి ఆయన. ఇవాళ మాటలు కూడగట్టుకోవాల్సి వచ్చింది.

"ఆ మందు ఆపమని అడిగే నోరు నాకు లేదు. వేసుకోమని చెప్పే నీళ్ళూ నా దగ్గర లేవు. ఇదండి నా పరిస్థితి."

ఎవరో కొత్త శుద్ధియంత్రం తెప్పించమన్నారు. అది వచ్చేసరికి ఏడాది దాటుతుందని ఆయనే చెప్పారు. ఇంకెవరో తొట్లకు మంచునీళ్ళే పోయమన్నారు. అంత మంచు కోసే బళ్ళు మనకు లేవు. అప్పుడు సూరిబాబు లేచారు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు ఆయనకు. మా బండి మంచు దింపాక ఖాళీగా వెనక్కి పోతుంది, అక్క ఒక్కదాని నీళ్ళు విడిగా పట్టి గడ్డకట్టిస్తే అవి తీసుకెళ్ళి బయట నీడలో దింపేస్తాను, ఊరి నీళ్ళలో కలవవు, అన్నారు. ఆ తరుగు పూడ్చడానికి మంచుబండి వాళ్ళం ఇంకో దఫా వెళ్తాం, అయినా కొంత తక్కువ పడుతుంది అని కూర్చున్నారు.

పేర్రాజు గారు లెక్క వేశారు. ఆ తక్కువ పడేది అందరి స్నానాల్లోంచి రావాలి. తలంట్లు సగానికి తగ్గుతాయి.

వదిన లేచి నిలబడింది. "నాకోసం ఎవరూ తల మాసి తిరగక్కర్లేదండి. నేను చూడాల్సింది చూసేను, చేయాల్సింది చేసేను."

అలాంటప్పుడు ఏమంటే ఏం తప్పోనని అందరికీ భయం. నాగమణి కూర్చున్నచోటు నుంచే మాట్లాడింది. లేవడానికి ఆయాసం.

"మీకోసం కాదత్తా. రేపు నా బిడ్డకే ఇలాంటి జబ్బొస్తే ఈ ఊరు ఏం చేస్తాదో నాకు ఇవాళే తెలియాలి. తెలియకుండా ఇక్కడ ఎలా కనమంటారు?"

వదిన ఆ పిల్లవైపు చూసింది. నిలబడినచోటే నిలబడి ఉండిపోయింది. పేర్రాజు గారు చేతులెత్తమని అడగలేదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు, కాసేపు ఆగారు. తర్వాత కుళాయిల దగ్గర కొత్త కొలతలు రాసిపెట్టమని చెప్పి సభ ముగించారు.

బయటికి వచ్చేటప్పుడు వదిన నా పక్కన నడిచింది. తన గది దగ్గర ఆగి చెయ్యి చాపింది. కొంగు ముడిలోంచి డబ్బా తీసి ఇచ్చాను. అక్కడే ఒక క్యాప్సూల్ విప్పి నోట్లో వేసుకుని, నీళ్ళు లేకుండానే మింగింది.

నమోదు 652

వదిన నీళ్ళకు వేరే గది, వేరే తొట్టి. అచ్చుల్లో నింపి గడ్డకట్టించే పని ఎవరికీ ఇవ్వలేదు, తనే చేసుకుంటోంది. తన కంపు తనే మోసుకుంటానని నవ్వింది. నవ్వడం మంచిదే. వంటశాలకు ఇంకా రావడం లేదు. నొప్పి వల్ల నిలబడలేకపోతోంది. ప్రస్తుతానికి పులుసు నాగమణి వాళ్ళమ్మ పెడుతోంది. ఎవరూ వంక పెట్టడం లేదు, ఎవరూ రెండోసారి అడగడమూ లేదు.

కణాలు విడిపోతూనే ఉన్నాయి. రోజూ చూస్తున్నాను. అయినా ముందులా సంబరపడలేకపోతున్నాను. ఒకసారి మోసపోయిన కళ్ళు. డాక్టరు గారు కూడా తొందరపడి ఏమీ చెప్పడం లేదు. ఆపిన రోజుల్లో జబ్బు ఎంత ముదిరిందో ఇంకొన్నాళ్ళకు గానీ తెలియదట.

నమోదు 670

రక్తపరీక్ష. పెరగడం ఆగింది. తగ్గడం ఇంకా మొదలవలేదు. డాక్టరు గారు ఈ రెండు వాక్యాలూ మూడుసార్లు చెప్పారు. నేను మూడుసార్లూ విన్నాను.

నమోదు 709

నాగమణికి ఆడపిల్ల. వదిన కర్ర పట్టుకుని వెళ్ళి చూసి వచ్చింది. తగ్గుతోంది. ఎప్పటిదాకా తగ్గుతుందో, మందు ఎంతకాలం పనిచేస్తుందో డాక్టరు గారు మాట ఇవ్వలేదు. ఈ జబ్బు పోయేది కాదు, వెనక్కి నెడుతూ ఉండాల్సిందే అన్నారు. కొత్త శుద్ధియంత్రం వచ్చేలోగా బళ్ళు ఇలాగే తిరుగుతాయి.

ఇవాళ సూరిబాబుతో బండిలో నీడబిలం దాకా వెళ్ళాను. చాలా కాలమైంది ఊరి బయటికి వచ్చి. బండి దీపం వెలుగులో చూపించారు. వదిన గడ్డలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చిన గుట్ట. ఎండ పడదు కాబట్టి కరగదు, ఆవిరీ కాదు, పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. మంచు కోసేవాళ్ళు దానికి రత్నమ్మ గుట్ట అని పేరు పెట్టారట. పనిలోకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి దీపం వేసి చూసుకుంటారట.

ఎందుకని అడిగాను.

"పెరుగుతోందో లేదో అని," అన్నారు.

గుట్ట నా తల దాటి పైకి వచ్చింది. ఇద్దరం గాలిసూట్లతో దిగి, బండిలో తెచ్చిన గడ్డలు పైన పెట్టాం. పై వరసకు నా చేయి అందలేదు. ఆయన నన్ను నడుం పట్టి ఎత్తారు.